ప్రతి ఎండాకాలం ఏసీలో గ్యాస్ నింపించాల్సిందేనా?

పటమట_వాసి (విజయవాడ)
అందరికీ నమస్కారం. మాది టన్నున్నర ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. కొన్నాక ఇది నాలుగో వేసవి. 24లో పెట్టి పడుకుంటే తెల్లవారేదాకా గది చల్లబడటం లేదు. గాలి మాత్రం వస్తూనే ఉంది. పొద్దున మెకానిక్ వచ్చి ఔట్‌డోర్‌కి గేజ్ తగిలించి చూసి, "గ్యాస్ తగ్గింది మేడమ్, నింపాలి" అన్నాడు. 3,500 అడిగాడు. కిందటేడు ఇంకొకతను వచ్చి ఇదే మాట చెప్పి, ఇంచుమించు ఇంతే తీసుకున్నాడు. మా ఆడపడుచు వాళ్లింట్లో కూడా ఏటా నింపిస్తారట. అసలు గ్యాస్ ఏడాదికోసారి అయిపోతుందా? రేపు రమ్మని చెప్పి పంపించేశాను. ఇంట్లో మా అత్తగారున్నారు, ఈ ఉక్కలో ఆవిడ గురించే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కరెంటు_బిల్లు (ఖమ్మం)
రోహిణి కార్తెలో మా ఖమ్మం వచ్చి చూడండి మేడమ్, ఏసీకే చెమటలు పడతాయి. సరే, జోకులు పక్కన పెడితే, ఫిల్టర్లు ఎప్పుడు కడిగారు? పూర్తి సర్వీస్ ఎప్పుడు చేయించారు? ముందు ఈ రెండూ చెప్పండి.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
మేడమ్, నేను గల్ఫ్‌లో చాలా ఏళ్లు ఏసీ పనే చేసి వచ్చాను, ఇప్పుడు ఊళ్లో షాపు ఉంది. గ్యాస్ ఖర్చయ్యేది కాదు. రాగి పైపుల్లో మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. ఇండోర్‌లో గది వేడిని పట్టుకుంటుంది, ఔట్‌డోర్‌లో బయటికి వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఆ చోటు వెతక్కుండా పైన నింపితే మళ్లీ అక్కడినుంచే పోతుంది, మళ్లీ వచ్చే ఎండాకాలం అదే బిల్లు.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఇండోర్ కాయిల్ దుమ్ము పట్టిపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా, గది గాలి కాయిల్‌కి సరిగ్గా తగలదు. అప్పుడు లోపలి గ్యాస్ పట్టుకునే వేడి తగ్గుతుంది, ప్రెషర్ పడిపోతుంది. గేజ్ పెడితే ముల్లు తక్కువే చూపిస్తుంది. చూసినవాడు గ్యాస్ తగ్గిందంటాడు. అబద్ధం చెప్తున్నాడని కాదు, కడగకుండా కొలిచాడు. అలా మురికి కాయిల్ మీద నింపితే, తర్వాతెప్పుడో కాయిల్ శుభ్రం చేయించిన రోజున గ్యాస్ ఎక్కువైపోయి ఉంటుంది. అది కంప్రెసర్‌కి భారం.

మీది ఇన్వర్టర్ కాబట్టి ఇంకో చిక్కు. పాత ఏసీల్లో కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగేది, ముల్లు చూసి ఒక అంచనాకి రావచ్చు. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, దాంతోపాటు ప్రెషరూ మారుతుంది. కంపెనీ చెప్పిన టెస్ట్ మోడ్‌లో పెట్టకుండా గేజ్ చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఔట్‌డోర్ పక్కన స్టిక్కర్ మీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆ బరువుకి కాటా పెట్టి నింపాలి.

ముందు ఇవి చూసి చెప్పండి. ఏసీ అరగంట నడిచాక ఔట్‌డోర్ దగ్గర రెండు పైపులు కనిపిస్తాయి. సన్నదాని మీద మంచు కడుతోందా? లావుదానికి చెమట పడుతోందా, పొడిగా ఉందా? వాటి నట్ల దగ్గర నూనె మరక ఏమైనా ఉందా?

పటమట_వాసి (విజయవాడ)
వెంటనే చెప్పినందుకు థ్యాంక్స్ అండి. మా అబ్బాయి మేడ మీదకి వెళ్లి చూసొచ్చాడు. మంచు లేదు. లావు పైపుకి బాగా చెమట పట్టి నీళ్లు కారుతున్నాయి. నూనె మరకలు కనిపించలేదట. ఫిల్టర్లు నెలకోసారి నేనే కడుగుతాను. సర్వీస్ అంటే, కిందటేడు గ్యాస్ నింపినతను పైపైన బ్రష్‌తో దులిపి వెళ్లాడు. ఔట్‌డోర్ కడిగిన గుర్తు లేదు. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, సిమెంట్ దుమ్ము అంతా మా మేడ మీదే.

కరెంటు_బిల్లు (ఖమ్మం)
దొంగ దొరికాడు.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
గ్యాస్ బాగా తగ్గితే సన్న పైపు మీద మంచు కడుతుంది, లావు పైపు పొడిగా ఉంటుంది. మీది అలా లేదు. ఫోటో కూడా చూడకుండా నూటికి నూరు పాళ్లు అనలేను కానీ, ముందు గ్యాస్ జోలికి వెళ్లకండి. రేపు వచ్చినతనితో రెండు యూనిట్లకీ వాటర్ సర్వీస్ చేయించండి. ఇండోర్‌లో కాయిల్ ఒక్కటే కాదు, లోపల పొడుగ్గా గొట్టంలా తిరిగే బ్లోయర్ ఉంటుంది, దాని రెక్కల సందుల్లో నల్లటి మురికి పేరుకుంటుంది. గాలి తగ్గడానికి సగం కారణం అదే. ఫిల్టర్ ఎంత కడిగినా అది పోదు. ఔట్‌డోర్ కాయిల్ మీది సన్నటి అల్యూమినియం రేకులు సిమెంట్‌తో మూసుకుపోతే వేడి బయటికి పోదు, సాయంత్రం దాకా ఎండలో కాలిన మేడ మీద ఇంక చెప్పక్కర్లేదు. అంతా కడిగి, ఆరాక, అప్పుడు కొలవమనండి.

కడిగేటప్పుడు పీసీబీకి, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకి, కవర్ కట్టారో లేదో పక్కనే ఉండి చూడండి. తొందరగా అవుతుందని యాసిడ్ కలిపితే ఒప్పుకోవద్దు, అల్యూమినియం రేకులు తినేస్తుంది.

సొంత_సర్వీస్ (నెల్లూరు)
ఫ్లేర్‌నట్ గారూ, మీరు మరీ భయపెడుతున్నారు. మా ఇంట్లో ప్రతి మార్చిలో కొంచెం గ్యాస్ టాప్‌అప్ చేయిస్తాం, సీజనంతా హాయిగా నడుస్తుంది. మీరు చెప్పినట్టు లీక్ వెతకాలంటే, పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి లీక్ చూడటం, వెల్డింగ్, మళ్లీ పూర్తిగా నింపడం, అంతా కలిపి టాప్‌అప్‌కి రెండు మూడింతలవుతుంది. చిన్న లీక్ కోసం అంత ఖర్చు ఎందుకు? ఇక సర్వీస్ అంటారా, కార్లు కడిగే ప్రెషర్ పంపు కొనుక్కున్నాను, నేనే కడిగేస్తాను.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
అన్నా, ఖర్చు సంగతి కాదనను. ఒక్కసారికి చూస్తే మీ లెక్కే చవక. కానీ లీక్ మీ ఇష్టప్రకారం చిన్నగానే ఉండిపోదు. గ్యాస్ తక్కువతో నడిచినన్నాళ్లూ కంప్రెసర్ చల్లబడదు, ఎందుకంటే తిరిగి వచ్చే చల్లటి గ్యాసే దాన్ని చల్లబరిచేది. గది చల్లబడక ఎక్కువసేపు నడుస్తుంది, ఆ కరెంటు బిల్లు టాప్‌అప్ ఖర్చులో మీరు కలపలేదు.

మీది ఏ గ్యాసో చెప్పండి. ఆర్32 అయితే ఒకే పదార్థం, టాప్‌అప్ చేసినా గ్యాస్ స్వభావం మారదు, బరువు తెలియకపోవడమే ఇబ్బంది. ఆర్410ఏ అయితే రెండు గ్యాసుల మిశ్రమం, సగం ఆర్32, సగం ఆర్125. దాన్ని సిలిండర్ నుంచి ద్రవంగానే ఎక్కించాలి, లేకపోతే పాళ్లు తేడా వస్తాయి.

ప్రెషర్ పంపు విషయంలో మాత్రం జాగ్రత్త. దగ్గర్నుంచి కొడితే రేకులు పడుకుంటాయి, గాలి దూరదు. రేకులు వంగకుండా కాయిల్‌కి నేరుగా ఎదురుగా, దూరం నుంచి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. మెయిన్ ఆపకుండా మాత్రం చేయొద్దు.

సొంత_సర్వీస్ (నెల్లూరు)
ఆర్410ఏ. కరెంటు లెక్క చూడలేదు, అది ఒప్పుకుంటాను. కానీ మా ఊళ్లో నైట్రోజన్ సిలిండర్ పట్టుకుని ఇంటికొచ్చే మెకానిక్‌ని ఒక్కణ్ని చూపించండి. మీరు చెప్పే పద్ధతి పుస్తకంలో బాగుంటుంది. ఇక్కడ వచ్చేవాళ్ల చేతిలో గేజ్, సబ్బు నురగ, అంతే.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. సబ్బు నురగతోనైనా వెతికించండి. ఎక్కువ లీకులు పైపుల చివర బిగించే ఫ్లేర్ నట్ల దగ్గరే ఉంటాయి, నా పేరు ఊరికే పెట్టుకోలేదు. ఫ్లేర్, అంటే నట్ కింద వెడల్పు చేసిన పైపు అంచు, కొత్తగా కొట్టి బిగిస్తే పోయేదానికి ఏళ్ల తరబడి టాప్‌అప్ చేయించుకుంటున్నవాళ్లు ఎందరో.

బీచ్‌రోడ్ (విశాఖపట్నం)
నట్ల దగ్గర మాత్రమే అనుకోకండి. మాకు సముద్రం కనిపించే ఇల్లు, చూడటానికి బాగుంటుంది, ఇనుముకీ అల్యూమినియానికీ మాత్రం బాగుండదు. ఉప్పుగాలికి ఔట్‌డోర్ రేకులు ముట్టుకుంటే పొడిలా రాలాయి. పోయినసారి నిజంగానే గ్యాస్ పోయింది, ఇండోర్ కాయిల్ రాగి గొట్టానికి సూది మొనంత చిల్లు. మంచి మెకానిక్ దొరికాడు కాబట్టి తెలిసింది. అతను చెప్పింది ఏమిటంటే, ఇంట్లో కొత్త ప్లైవుడ్, పాలిష్, కొన్ని క్లీనింగ్ ద్రవాల ఆవిర్లు కూడా రాగిని అలా లోలోపల తినేస్తాయట. అంతకుముందే మేం కొత్త వార్డ్‌రోబ్‌లు చేయించాం. కాయిలే మార్చాల్సి వచ్చింది.

తీరంలో ఉన్నవాళ్లు ఔట్‌డోర్‌ని సముద్రం వైపు ముఖం పెట్టి బిగించకండి. రెండు మూడు నెలలకోసారి మెయిన్ ఆపి మామూలు మంచినీళ్లతో, పైపుతో మెల్లగా కడిగితే ఉప్పు పోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి, అది మళ్లీ అదే కథ. కొనేటప్పుడు రేకులకి నీలం పూత ఉందో లేదో చూడండి. అన్నిటికంటే ముందు, గోడకి బిగించిన స్టాండ్ చూడండి. తుప్పు పట్టిన స్టాండ్ మీద అంత బరువు, కింద మనుషులు నడుస్తుంటారు.

మియాపూర్_302 (హైదరాబాద్)
మాకు తుప్పు గొడవ లేదు, పావురాల గొడవ. అపార్ట్‌మెంట్ షాఫ్ట్‌లో అన్ని ఫ్లాట్ల ఔట్‌డోర్లు ఒకదాని మీద ఒకటి. వెనక కాయిల్‌కీ గోడకీ మధ్య సందులో గూడు, పుల్లలు, రెట్ట. దాంతో ఒక పక్క గాలి పూర్తిగా బంద్. అసోసియేషన్‌లో అడిగితే ఒకాయన షాఫ్ట్‌కి అడ్డంగా రేకు కొట్టించేద్దాం అన్నాడు. మొత్తం ఫ్లోర్ల వేడి లోపలే తిరిగేది! చివరికి వల కట్టించాం, కాయిల్‌కి ఆనకుండా దూరంగా.

ఇంకోటి, మా ఎదురు ఫ్లాట్‌వాళ్లు బాల్కనీలో ఔట్‌డోర్ ముందే దండెం కట్టారు. వేడిగాలికి బట్టలు గంటలో ఆరిపోతాయని సంబరం. ఏసీ చల్లబడటం లేదని వాళ్లూ మెకానిక్‌ని పిలిచారు.

కరెంటు_బిల్లు (ఖమ్మం)
డ్రైయర్ కొనే డబ్బు మిగిలిందిగా, పోనీలెండి.

మెకానిక్‌లతో పాటు ఎలక్ట్రీషియన్ చూడాల్సినవి కూడా నాలుగు మాటలు. ప్లగ్ ముట్టుకుంటే కాలుతోందంటే, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ ఉందంటే, ఆ పాయింట్ వదులైనట్టు. మామూలు ఐదు యాంప్‌ల పాయింట్ల లైన్ మీద ఏసీ పెట్టడం, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడపడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. విడి లైను, దానికి ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), సరైన ఎర్త్ ఉండాలి. ఇన్వర్టర్ ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదంటారు. ఏ ఓల్టేజీ నుంచి ఏ ఓల్టేజీ దాకా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. మీ వీధిలో సాయంత్రం ఎంత వస్తోందో చూసుకుని నిర్ణయించుకోండి. పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్నవాళ్లకి నేనైతే పెట్టుకోమనే చెప్తాను.

వానాకాలం మొదట్లో ఏసీ ఉన్నట్టుండి ఆగిపోతే ఔట్‌డోర్ బోర్డులో బల్లి ఉందేమో చూడమనండి. నవ్వకండి, పీసీబీ షార్ట్ కావడానికి మా దగ్గర పెద్ద కారణం అదే.

గోదారి_పిల్ల (కాకినాడ)
మా ఏసీ బాగానే చల్లబడుతుంది, కానీ ఇండోర్ నుంచి గోడ మీదకి నీళ్లు కారుతున్నాయి. పైపు చివర బాల్కనీలో బకెట్ పెట్టాను, బకెట్‌లోకి కూడా వస్తున్నాయి, గోడ మీదకీ వస్తున్నాయి. ఇంకో సందేహం, మా మామయ్యగారు ఆ బకెట్ నీళ్లే ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తారు. డిస్టిల్డ్ వాటర్ లాంటివే కదా అంటారు. నిజమేనా?

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
బకెట్ నిండాక పైపు చివర నీళ్లలో మునుగుతోందా? అలా మునిగితే లోపల గాలి ఇరుక్కుని నీళ్లు దిగవు, ట్రే నిండి గోడ మీదకి పొంగుతాయి. పైపు చివర ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. అది కాకపోతే ట్రేలో, పైపులో జిగురులా పాచి పట్టి ఉంటుంది, సర్వీస్‌లో ఊదించి కడిగించండి. ఇండోర్ ఒక పక్కకి వాలిందేమో కూడా చూడండి, పైపు ఉన్న వైపుకి కాస్త వాలు ఉండాలి. కాకినాడ ఉక్కలో గాలిలో తేమ ఎక్కువ, నీళ్లు ఎక్కువే వస్తాయి, అది మాత్రం తప్పు కాదు.

కరెంటు_బిల్లు (ఖమ్మం)
మామయ్యగారికి గౌరవంగా చెప్పండి, ఆ నీళ్లు బ్యాటరీకి వద్దు. గాలిలోని ఆవిరి నీరైనదే కాబట్టి సున్నం లేని మాట నిజం. కానీ కాయిల్ మీద దుమ్ము, పాచి, రాగి, అల్యూమినియం అణువులు కడుక్కుంటూ వస్తుంది. బ్యాటరీ ప్లేట్లకి లోహపు మలినాలు చేటు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖరీదెంత, బ్యాటరీ ఖరీదెంత! ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కి నిక్షేపంగా వాడుకోండి.

గోదారి_పిల్ల (కాకినాడ)
పైపు మునిగే ఉందండీ! తీసి పైకి కట్టాను, గోడ మీదకి ఆగింది. బ్యాటరీ సంగతి మా ఆయన చేత చెప్పిస్తాను, నేను చెప్తే వినరు.

పటమట_వాసి (విజయవాడ)
ఇక్కడి సంగతి చెప్పాలి. నిన్నటి మెకానిక్ వచ్చాడు. ముందు సర్వీస్ చేసి తర్వాత గ్యాస్ చూడండి అంటే కాస్త ముఖం మాడ్చుకున్నాడు కానీ చేశాడు. బ్లోయర్ నుంచి వచ్చిన నీళ్లు తారులా ఉన్నాయి. ఔట్‌డోర్ వెనక సిమెంట్ పొర నానబెట్టి కడగాల్సి వచ్చింది. సర్వీస్‌కి 800 తీసుకున్నాడు. తర్వాత గేజ్ పెట్టి "ఇప్పుడు సరిపోయింది" అని తనే అన్నాడు. రాత్రి 26లో పెట్టి ఫ్యాన్ వేస్తే అత్తగారు దుప్పటి అడిగారు.

కరెంటు_బిల్లు (ఖమ్మం)
26, ఫ్యాన్, దుప్పటి, అదీ లెక్క. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా ఆదా అవుతుందని బీఈఈ, అంటే కేంద్ర ఇంధన పొదుపు సంస్థ, చెప్తుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలన్న నిబంధన కూడా అందుకే. మనవాళ్లు ఆన్ చేయగానే 18కి దించేస్తారు. అలా చేసినా గది తొందరగా చల్లబడిపోదు, చల్లబడ్డాక కూడా ఆగకుండా నడుస్తుంది, అంతే తేడా.

మియాపూర్_302 (హైదరాబాద్)
ఈ చర్చలోనే ఇంకో ప్రశ్న. మా నాన్నగారింట్లో పాత ఆర్22 గ్యాస్ ఏసీ ఉంది. దానికి నిజంగానే లీక్, కాయిల్ మార్చాలన్నారు. చేయించాలా, కొత్తది కొనాలా? ఒకతను అందులోనే ఆర్32 వేసి ఇస్తానంటున్నాడు.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
ఆ మాటన్నవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి. ఆర్32 ప్రెషర్ ఆర్22 కంటే చాలా ఎక్కువ, ఆ పాత కంప్రెసర్, పైపులు దానికోసం చేసినవి కావు. నూనె కూడా వేరు. పైగా ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది. ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం వల్ల ఆర్22ని దశలవారీగా తీసేస్తున్నారు, మన దేశానికి 2030 గడువు. దొరకడం కష్టమవుతుంది, ధర పెరుగుతుంది. కాయిల్‌కి డబ్బు పెట్టే బదులు కొత్తదే మేలు. 2025 సెప్టెంబర్‌లో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా.

బీచ్‌రోడ్ (విశాఖపట్నం)
కొత్తది కొన్నాక వారంటీ కార్డు చదవండి. కంప్రెసర్‌కి పదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కాయిల్‌కి, గ్యాస్‌కి ఎన్నాళ్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏఎంసీ (ఏడాది సర్వీస్ ఒప్పందం) తీసుకుంటే విడిభాగాలు కలిపా, లేక పని కూలి వరకేనా అని అడగండి. వారంటీలో ఉన్నదానికి డబ్బు అడిగితే బిల్లు రాసిమ్మనండి, రాతలో ఉంటే 1915కి ఫిర్యాదు చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అద్దెకొంప (బెంగళూరు)
నెలాఖరుకి ఇల్లు మారుతున్నాం, ఏసీ విప్పించాలి. విప్పితే గ్యాస్ పోతుంది, కొత్త ఇంట్లో పూర్తిగా నింపాలి అంటున్నాడు షిఫ్టింగ్ అతను. ఇదీ అలాంటిదేనా?

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
అలాంటిదే. పంప్ డౌన్ చేయమనండి. ఏసీ కూలింగ్‌లో నడుపుతూ ఎలన్ కీతో ముందు సన్న పైపు వాల్వ్ మూస్తారు. గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి చేరుతుంది. గేజ్ సున్నాకి దగ్గర పడగానే లావు పైపు వాల్వ్ మూసి వెంటనే ఏసీ ఆపేయాలి. నిమిషం రెండు నిమిషాల పని. గ్యాస్ ఔట్‌డోర్‌లోనే ఉంటుంది, కొత్త ఇంట్లో వాల్వులు తెరిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. కంప్రెసర్ తిరుగుతుండగా నట్లు వదులు చేయనివ్వొద్దు. గాలి లోపలికి లాగితే, గాలి, నూనె కలిసి ఒత్తిడికి కంప్రెసర్ పేలిన సంఘటనలున్నాయి. ఆపాకే విప్పాలి.

అక్కడ బిగించేటప్పుడు పైపులోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు తెస్తాడో లేదో ముందే అడగండి. చాలామంది కొంచెం గ్యాస్ వదిలి దాంతోనే పైపులోని గాలిని తోసేస్తారు. తేమ లోపలే ఉండిపోతుంది, ఇప్పటి ఏసీల నూనె తేమని ఇట్టే పీల్చుకుంటుంది.

అద్దెకొంప (బెంగళూరు)
పాత రాగి పైపే వాడొచ్చా? అక్కడ ఔట్‌డోర్ కొంచెం దూరంగా వస్తుంది.

ఫ్లేర్‌నట్ (జగిత్యాల)
నొక్కుకుపోకుండా విప్పి, విప్పగానే రెండు చివరలూ టేపుతో మూసేస్తే వాడొచ్చు. ఫ్లేర్లు మాత్రం కోసి కొత్తగా కొట్టించండి. పొడవు పెరిగితే మీటరుకి ఎన్ని గ్రాములు కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది, అంతవరకే వేయించండి, అది మాత్రం న్యాయమైన ఖర్చు. మోడల్ నంబర్ పెడితే నేను చూసి చెప్తాను.